ఏనుగు నుదుట పడవ ముక్క

ఏనుగు నుదుటి మీద పడవ తెరచాప ముక్క అతుక్కుని ఉంది.

"ఇది మూడోసారి," అన్నాడు జ్ఞానవేల్. కోడంబాక్కంలో మా గ్రాఫిక్స్ స్టూడియో ఆయనదే. "ఏనుగు షాటూ ఈ పిల్లదే, పడవ షాటూ ఈ పిల్లదే. ఎవరో డబ్బిచ్చి చెడగొట్టిస్తున్నారు. సాయంత్రం పంపించేస్తా."

ఎళిలరసి తల దించలేదు. "చెడగొట్టాలనుకుంటే ఇంత చెత్తగా చెడగొడతానా సార్?"

ఇక్కడ కంప్యూటర్లు చూసుకునేది నేను, మాసిలామణిని. సాయంత్రం దాకా గడువడిగాను.

ఆమె బొమ్మలు నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కి వెళ్తాయి. ఆమె సీట్లో కూర్చుని రెండు షాట్లనూ ఒకేసారి, మళ్ళీ మళ్ళీ పంపాను. వెళ్ళిన ప్రతి బొమ్మనీ అసలుతో పోల్చాను. పదకొండు వందలదాకా బాగానే ఉంది. ఆ తర్వాతి ఏనుగు కాలికి పడవ అంటుకుంది. అప్పుడు ఎళిలరసి పక్కన పెరుగన్నం తింటోంది.

సెట్టింగుల ఫైలు తెరిచాను. సర్వర్‌ని కలిపే లైనులో యూడీపీ అని ఉంది, అంటే అందిందో లేదో చూడకుండా పంపేసే పద్ధతి. పాత కంప్యూటర్ ఫైలునే కొత్తదాంట్లోకి కాపీ కొట్టడం మా దగ్గర అలవాటు. ఆ పాత ఫైలు రాసింది నేనే.

యూడీపీ బొమ్మని దిమ్మెలుగా పంపుతుంది, అవి దారిలో ముక్కలవుతాయి. ఒక దిమ్మె ముక్కలన్నిటికీ ఒకే నంబరు. అరవై అయిదు వేలు దాటగానే నంబర్లు మళ్ళీ మొదలు. పాత వైర్ల మీద అందుకు నిమిషాలు పట్టేది, పోయిన నెల వేసిన గిగాబిట్ వైర్ల మీద కొన్ని సెకన్లు చాలు. ఏనుగు ముక్క ఒకటి దారిలో పోతే మిగతావి దానికోసం కాసేపు ఆగుతాయి, ఈలోగా అదే నంబరుతో వచ్చిన పడవ ముక్క దాని చోట్లో కూర్చుంటుంది. తప్పులు పట్టే తనిఖీ చాలాసార్లు పట్టుకుంటుంది. ఎప్పుడో ఒకసారి వదిలేస్తుంది. రెండు షాట్లు ఒకేసారి పంపేది ఎళిలరసి కంప్యూటరే గనక ఆమెవే కలిసిపోయాయి.

టీసీపీ అని ఇంకో పద్ధతి ఉంది, అది అలా కాదు. ప్రతిదానికీ వరుస, అందినట్టు కబురు, అందకపోతే మళ్ళీ పంపడం. దానికి మార్చి నాలుగు వేల బొమ్మలు పంపాను. ఒక్కటీ చెడలేదు.

తప్పు కొత్త వైర్ల మీద నెట్టేయొచ్చు. కానీ వైర్లు అందరివీ, ఆమె బొమ్మలే ఎందుకు చెడ్డాయని జ్ఞానవేల్ అనుమానం సగం మిగిలే ఉంటుంది.

"తప్పు నాది సార్," అన్నాను. ఫైలూ, చెడిన బొమ్మా చూపించాను.

"టీసీపీ నెమ్మది అని నువ్వే కదయ్యా చెప్పావు?"

"చెప్పాను సార్. మళ్ళీ కొలిచి చూడలేదు."

"నిన్ను పంపించేద్దామంటే ముప్పై కంప్యూటర్లలో ఆ లైనెవడు మారుస్తాడు? నడువు." ఎళిలరసి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆ ఏనుగు మళ్ళీ పంపు."

ఆమె కదల్లేదు. "డబ్బు తీసుకున్నానన్నారు కదా సార్. అందరి ముందూ అన్నారు."

జ్ఞానవేల్ గొంతు సవరించుకుని, హాల్లోకి నడిచి, అందరినీ లేచి తన మాట వినమన్నాడు.