కుటుంబం పాఠం

స్పానిష్ నేర్పే టీచరమ్మకు తరగతిలో పాఠం చెప్పడం ఒక ఎత్తు, పిల్లల్ని వృద్ధాశ్రమానికి తీసుకెళ్లడం ఒక ఎత్తు. స్పానిష్ తప్ప వేరే మాట రాని ముసలివాళ్లు అక్కడ కొందరున్నారు. వారానికోసారి పక్కన కూర్చుని కబుర్లాడితే పిల్లలకు భాష వస్తుంది, పెద్దవాళ్లకు పొద్దుపోతుంది. బంగారంలాంటి ఏర్పాటని ఆమె మురిసిపోయేది.

కిటికీ పక్క కుర్చీ దర్జీ అవ్వది. అడిగినదానికి ముక్తసరి జవాబు తప్ప ఎవరితోనూ పలికేది కాదు. పోయిన టర్ములో, గలగల అని అందరూ పిలిచే ఒక పిల్ల వచ్చింది. దాని నోరు మూతపడితే ఒట్టు! పాఠం పక్కన పడేసి తన సొదంతా చెప్పుకునేది. టీచరమ్మ చీవాట్లు పెట్టినా వినేది కాదు. ఒకరోజు దాని చొక్కాకు గుండీ ఊడి ఉండడం చూసి అవ్వ నోరు విప్పింది.

"సిగ్గులేదూ, ఊరంతా ఇలాగే తిరిగావా? ఇటు తే!"

ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే ముచ్చట్లు. టర్ము అయిపోగానే ఆ పిల్ల వెళ్లిపోయింది.

"దాన్నే ఇంకో టర్ము ఉంచండి సార్. లేకపోతే అవ్వ మళ్లీ ముడుచుకుపోతుంది" అని టీచరమ్మ ప్రిన్సిపాల్‌ను బతిమాలింది.

"మనది కాలేజీ అమ్మా, ఆస్పత్రి కాదు. కొత్త పిల్లలతో మొదటి పాఠం మొదలెట్టండి."

మొదటి పాఠం కుటుంబం. టీచరమ్మ స్వయంగా రాసిందే. ఎప్పుడూ ఆశ్రమం ఆఫీసు గదిలో కూర్చునే మనిషి, ఈసారి మనసాగక అవ్వ వెనకాలే నిలబడింది.

"మీకు పిల్లలెంతమంది?" కొత్త కుర్రాడు అడిగాడు.

"ఒక్కడే. చచ్చిపోయాడు."

వాడికి అర్థమైతేగా! ఏ జవాబుకైనా అనమని టీచరమ్మ నేర్పిన మాటే నవ్వుతూ అన్నాడు. "చాలా సంతోషం!"

టీచరమ్మ ఆశ్రమం ఆయాను పక్కకు లాగింది. "ప్రతిసారీ ఇంతేనా?"

"ప్రతి బ్యాచ్‌కీ ఇంతే మేడమ్. ఆ వారమంతా అవ్వ ముద్ద ముట్టదు. గలగల ఒక్కతే ఆ ప్రశ్న అడగలేదు. మీకు తెలుసనే అనుకున్నాం."

మరుసటి వారం టీచరమ్మ తన కోటు గుండీ తానే పీకి, అవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆ పాఠం తీసేశానమ్మా. ఇక ఎవరూ అడగరు. ఇదిగో, గుండీ ఊడింది. నన్ను తిట్టవూ?"

అవ్వ గుండీ వంక చూసింది, ఆమె వంక చూసింది. కుర్చీని మెల్లగా కిటికీ వైపు తిప్పేసుకుంది.

టీచరమ్మ గుండీని గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె వెనక కుర్చీల్లో పిల్లలు తమకు వచ్చిన ఒక్క మాటనే వల్లిస్తున్నారు.

"చాలా సంతోషం! చాలా సంతోషం!"