తెల్ల దుప్పట్ల కక్ష

ఆ లాండ్రీ గుమ్మం మళ్ళీ తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి, ముఖమంతా నవ్వు పులుముకుని, ఇరవయ్యేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని లోపలికి వచ్చిందంటే ఊరికే రాలేదని ఎవరికైనా అర్థం కావాలి. లాండ్రీ ఓనరుకు కాలేదు. కుర్చీ చూపించి, "రండి టీచరమ్మా, కూర్చోండి," అన్నాడు.

టీచరమ్మ పాఠాలు చెప్పే టీచరు కాదు. బుద్ధి నిదానమైన పిల్లలు, కాలో చెయ్యో సహకరించని పిల్లలు బడి ముగించాక ఏమైపోవాలి? వాళ్ళకు పని వెతికిపెట్టి, పనిచోట పక్కనే నిలబడి నేర్పి, చెయ్యి తిరిగాక కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతూ చివరికి గుమ్మం బయటికి తప్పుకోవడం అలాంటి పిల్లల బడిలో ఆమె ఉద్యోగం. చాలామందిని అలా గట్టెక్కించింది. సొంత తమ్ముడి దగ్గరికి వచ్చేసరికే పడవ మునిగింది.

ముంచినవాడు ఈ ఓనరే. తమ్ముడికి ఎడమచెయ్యి వంకర. మాట ముద్దగా వస్తుంది, మాట్లాడేటప్పుడు పెదవి చివర కాస్త తడి చేరుతుంది. బుర్ర మాత్రం చురకత్తి. కొన్నేళ్ళ కిందట వాణ్ణి ఇదే లాండ్రీకి తీసుకొస్తే, ఓనరు ఒక్కసారి తలెత్తి చూసి, అందరూ వినేలా అన్నాడు: "తెల్లబట్టల మీద చొంగ కారిస్తే ఎవడు ఉతుకుతాడమ్మా?"

ఎవడు ఉతుకుతాడని లాండ్రీ ఓనరు అడగడం! వాడి నోరు పడిపోను! పనివాళ్ళంతా పకపకా నవ్వారు. తమ్ముడు జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. ఆ దృశ్యం అక్క కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు. "ఇక ఎవడి గుమ్మంలోనూ నిన్ను నిలబెట్టను," అని ఆ రోజే తమ్ముడికి చెప్పింది, అన్న మాట నిలబెట్టుకుంది. అప్పట్నుంచి వాడు ఇంట్లోనే, కిటికీ పక్క మంచం మీద, ఫోను చూసుకుంటూ ఉంటాడు.

నూరు గొడ్లను తిన్న రాబందుకైనా ఒక్క గాలివాన తప్పదంటారు. ఆ గాలివానను తన చేత్తోనే తేవాలనుకుంది టీచరమ్మ. ఓనరు ముఖం చూసి నవ్విన ప్రతిసారీ లోపల పళ్ళు నూరుకుంది. వాడు ఆమెను గుర్తుపట్టనే లేదు. అదీ ఒకందుకు మంచిదే అనుకుంది.

వెంట తెచ్చిన పిల్లను బడిలో అందరూ 'నిదానం' అనే పిలుస్తారు. ఏ పనైనా నాలుగుసార్లు చెప్పాలి. నాలుగోసారి పట్టుకుందా, ఇక ఉడుంపట్టే. లాండ్రీకి ఆస్పత్రి నుంచీ హోటళ్ళ నుంచీ దుప్పట్లు, గలీబులు, తువ్వాళ్ళు వస్తాయి. అన్నీ తెలుపే. మూలన కుట్టిన దారం రంగు చూసి ఎవరివి వాళ్ళకు వేరుచేయాలి. శిక్షణలో పని పట్టుబడ్డాక నిదానం కట్టిన ఏ మూటలోనూ ఒక్క గలీబు కూడా తారుమారు కాలేదు. ఓనరు మురిసిపోయి, వచ్చే నెల నుంచి పని ఖాయం చేస్తానన్నాడు, సామాను పెట్టుకోవడానికి ఒక అర కూడా ఇచ్చాడు. ఆ అర తాళంచెవిని ఆ పిల్ల మెడలో వేసుకుని తిరుగుతోంది. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ ఆమె తాళం వేసుకున్నది అదొక్కటే.

సమయం చూసి టీచరమ్మ, "ఈ పిల్ల ఉండగా ఈ పనికి ఇంకా ఇద్దరెందుకు సార్?" అని తేనె పూసినట్టు ఒక మాట వదిలింది. పిసినారికి అంతకన్నా ఏం కావాలి? వేరుచేసే ఇద్దరిలో ఒకణ్ణి వ్యాను మీదికి పంపాడు, ఇంకొకణ్ణి ఇంటికే పంపాడు. ఇంటికి పోయినవాడి ఉసురు తగులుతుందేమోనని టీచరమ్మకు ఒక్క క్షణం అనిపించింది. తగలనీ అనుకుంది. ఇప్పుడు ఓనరు పీక నిదానం చేతిలో ఉంది, నిదానం తన చేతిలో ఉంది.

పెద్ద హోటల్లో ఏదో మహాసభ వచ్చింది. గదులన్నీ నిండిపోయాయి. ఆస్పత్రి దుప్పటి ఇంకొక్కసారి తమ గదుల్లో కనిపిస్తే తెగతెంపులేనని హోటలువాళ్ళు ముందే హెచ్చరించి ఉన్నారు. ఆ రోజు పొద్దున్నే లాండ్రీలో మూటలు నడుమెత్తు పేరుకున్నాయి. శిక్షణలో ఉన్న పిల్లను బడివాళ్ళు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, ఒప్పందమే అది. ఈ పిల్లకు ఇంకోచోట పని చూడొచ్చులే అని మనసుకు సర్దిచెప్పుకుని టీచరమ్మ బల్ల దగ్గరికి వచ్చింది.

"పద, బయల్దేరు. ఇవాళ్టితో ఇక్కడ పని మానేస్తున్నావు."

నిదానం చేతిలోని దుప్పటి మూల చూసి, పక్కన వేసి, అప్పుడు తలెత్తింది. "ఎవరు మానేస్తున్నారు?"

"నువ్వే."

"నేనెప్పుడన్నాను టీచర్?"

టీచరమ్మ గొంతు తగ్గించి కథంతా చెప్పింది. తమ్ముడు, చొంగ, నవ్వులు, జేబురుమాలు. ఈసారి నాలుగుసార్లు చెప్పనక్కర్లేకపోయింది.

"పాపం, మీకు చాలా కోపం," అంది నిదానం.

"మరి రాదుటే!"

"నాకు కోపమొస్తే నేను మానేస్తా. మీకొచ్చిన కోపానికి నేనెందుకు మానాలి?" తాళంచెవిని పిడికిట్లో పట్టుకుంది. "మీ తమ్ముడు నన్ను మానెయ్యమన్నాడా? అడిగారా?"

టీచరమ్మ బల్ల మీదికి ఇంకా వంగింది.

"కాస్త పక్కకు జరగండి టీచర్. వెలుతురుకి అడ్డొస్తున్నారు, దారం కనబడట్లేదు."

ఒళ్ళు మండిపోయి ఆమె నేరుగా ఓనరు మీదికి వెళ్ళింది. "నా తమ్ముణ్ణి ఏమన్నారో గుర్తుందా మీకు?" అని అరిచింది. ఓనరు ఫోను చెవి దగ్గర్నుంచి తీశాడు. "మీ తమ్ముడా? ఎవరమ్మా? ఇక్కడికెప్పుడొచ్చాడు?" వాడు నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా! ఆనాటి చొంగ మాటను అక్షరం పొల్లుపోకుండా వాడి ముఖాన కొట్టింది. వాడు మెడ గోక్కుని, "అనే ఉంటానమ్మా. రోజుకెన్ని అంటాం! ముందు ఈ మూటలు వెళ్ళనివ్వండి," అన్నాడు. మధ్యాహ్నానికల్లా మూటలు వెళ్ళిపోయాయి కూడా.

ఇంటికొచ్చి తమ్ముడి ముందు కడుపులో ఉన్నదంతా కక్కేసింది. విశ్వాసం లేని పిల్ల అని తిట్టింది. సిగ్గులేని ఓనరు అని తిట్టింది. వాడు ఫోను పక్కన పెట్టి మొత్తం విన్నాడు.

"ఆ పిల్ల గట్టిది," అన్నాడు.

"వాడి మీద నీకు కోపం లేదట్రా?"

"ఉండేది. మర్నాడు పొద్దున నేను చెప్పులేసుకుని నీ దగ్గరికొచ్చా. పక్కవీధి పుస్తకాల షాపులో మనిషి కావాలట, తీసుకెళ్ళమన్నా. నువ్వేమన్నావో గుర్తుందా అక్కా?"

టీచరమ్మ ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాలేదు. చెప్పులు గుర్తులేవు, పుస్తకాల షాపు గుర్తులేదు.

"'నీకింకా సిగ్గు రాలేదా' అన్నావ్." తమ్ముడు ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వాడు పరాయివాడు. వాణ్ణి ఎప్పుడో వదిలేశా. నిన్నే ఇంకా వదల్లేదు."