మరదలి వరస

విమానం ఎక్కాలన్న సరదా నాదే. ఆ సంగతి నేనే చెప్పేస్తే మంచిది, లేకపోతే మా ఆయన నాకంటే ముందు చెప్పేస్తారు. హైదరాబాదులో కొత్తగా కడుతున్న విల్లాలకి మా నర్సరీ నుంచి మొక్కలు పంపించాం. నాటడం సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడానికి ఆయన బయల్దేరుతుంటే నేనూ వస్తానని పట్టుబట్టాను. వెళ్ళేటప్పుడు రైలైనా సరే, వచ్చేటప్పుడు మాత్రం విమానంలో తీసుకురావాలన్నాను. మా ఊరు కడియంలో నా ఈడువాళ్ళంతా ఎక్కేశారు మరి.

మా ఆయన పేరు బుజ్జిబాబు. చెడ్డ మనిషి కాదు. ఈ మాట పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చుక్క పడిందంటే మాత్రం ఆయనకి చుట్టరికాలు గుర్తొస్తాయి. పెళ్ళిలో వరసైన పిల్ల కనబడితే చాలు, జడ లాగుతారు, "ఏమే మరదలా, నన్ను కాదని ఇంకొకణ్ణి చేసుకుంటున్నావా" అని చెయ్యి పట్టుకుంటారు. అందరూ నవ్వుతారు. ఆ పిల్లా నవ్వుతుంది, నవ్వకపోతే పొగరంటారని. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ ఆటపట్టించడం మా వైపు తప్పు కాదు, ఆటపట్టించని వాణ్ణే ముభావం మనిషంటారు. ఆ నవ్వుల మధ్యనుంచి ఆయన్ని మెల్లగా భోజనాల వైపు మళ్ళించడం నా పని. ఆ పనిలో నాకున్న అనుభవం ఇంకెవరికీ ఉండదు.

శంషాబాదులో లోపలికెళ్ళి కూర్చున్నాక ఆయన చేతిలో కూల్‌డ్రింక్ సీసా చూశాను. మధ్యాహ్నం సైటువాళ్ళతో భోజనానికి కూర్చున్నప్పుడే నాకు అనుమానం.

"ఏంటండీ అది?"

"కూల్‌డ్రింకే సత్యా. దాహంగా ఉంది."

రంగు కూల్‌డ్రింకుదే. వాసన కాదు. "ఇది మన పెళ్ళిపందిరి కాదండీ, పరాయి చోటు. పారేయండి" అన్నాను. "నాకు తెలీదా ఎక్కడెలా ఉండాలో" అన్నారు. నా విమానం సరదా అక్కడికక్కడే చచ్చిపోయింది. బస్సైతే కండక్టరు దింపేస్తాడు, రైలైతే పక్క పెట్టెలోకి వెళ్ళి కూర్చోవచ్చు. గాల్లో ఎక్కడికి పోతాం?

చిన్న విమానం. అటు రెండు సీట్లు, ఇటు రెండు. నాకు కిటికీ ఇచ్చి ఆయన నడవ పక్కన కూర్చున్నారు. నడవకి అటు కూర్చున్నాయన చెవుల్లో ఏవో పెట్టుకుని అప్పుడే కళ్ళు మూసేశాడు. నా బెల్టు ఎంతకీ పడకపోతే ఎయిర్ హోస్టెస్ పిల్ల వచ్చి వంగి పెట్టింది. కోటు మీద సాయిదుర్గ అని పేరుంది.

"ఇలా పెట్టుకోవాలండి. బిగుతుగా ఉందాండి?"

ఆ 'అండి' వినగానే మా వైపు పిల్లని నాకు తెలిసిపోయింది. ఆయనకీ తెలిసిపోయింది.

"ఏ ఊరమ్మా మనది?" అన్నారు ఆయన.

"పాలకొల్లండి."

"పాలకొల్లులో ఎవరమ్మాయివి?"

చెప్పకు తల్లీ అని కళ్ళతో సైగ చేశాను. ఆ పిల్ల చూసుకోలేదు. పెద్దవాళ్ళు అడిగితే చెప్పకుండా ఉండటం మా వైపు పిల్లలకి ఎవరు నేర్పారు కనక?

"బుల్లిరాజు గారమ్మాయినండి. గుడి దగ్గర ఫ్యాన్సీ కొట్టు ఉండేది. నాన్నగారికి ఒంట్లో బాగోక మూసేశామండి."

"బుల్లిరాజా! మా అమ్మ పుట్టిల్లు పాలకొల్లే. ఆయన మా అమ్మకి తమ్ముడి వరస. అంటే నాకు మేనమామ. అంటే నువ్వూ..." ఆయన నా వైపు తిరిగి కన్ను గీటారు. "మరదలివే పిల్లా!"

ఆ పిల్ల నవ్వింది. ఎక్కుతున్నప్పుడు అందరినీ చూసి నవ్విన నవ్వే అది. "ఉద్యోగం పర్మనెంటేనా?" అని అడిగారు ఆయన. "ఇంకా ప్రొబేషనండి" అని చెప్పి ముందుకెళ్ళిపోయింది. ఇల్లంతా ఆ పిల్ల మీదే నడుస్తోందని నాకు ఆ రెండు ముక్కల్లో అర్థమైపోయింది.

విమానం లేస్తుంటే భయమేస్తుందని అందరూ చెప్పారు. నాకేమీ తెలియలేదు. నా భయమంతా పక్క సీట్లో ఉంది. కిటికీలోంచి చూడకుండా ఆయన చేతిలో సీసా ఎంతవరకు దిగిందో చూస్తూ కూర్చున్నాను. అది సగానికి వచ్చేసరికి ఆయన నెత్తిమీదున్న బటన్ నొక్కారు. ఆ పిల్ల వచ్చి మంచినీళ్ళిచ్చి వెళ్ళింది. మళ్ళీ నొక్కారు. ఈసారి ఏమీ అక్కర్లేదట, మరదల్ని చూడాలనిపించిందట.

"సర్, నాకు పని ఉందండి."

"బావకి చేసేదానికంటే వేరే పనేంటే?"

"ఏవండీ, ఊరుకోండి" అని మోచేత్తో పొడిచాను. "నువ్వుండవే, మా వాళ్ళ మధ్య నువ్వెందుకు" అన్నారు. ఆ పిల్ల నా వైపొకసారి చూసింది. మీ ఆయన్ని మీరే చూసుకోవాలండి అన్నట్టుంది ఆ చూపు. ఇక్కడ మళ్ళించడానికి భోజనాలు లేవు, నలుగురు బావమరుదులు లేరు. బెల్టు కట్టేసిన నేను తప్ప ఎవరూ లేరు.

మూడోసారి టీ కావాలన్నారు. పేపరు కప్పులో పొగలు కక్కే టీ తెచ్చి అందించబోతుంటే కప్పు అందుకోకుండా మణికట్టు పట్టుకున్నారు.

"బావా అను. అంటేనే వదుల్తా."

"సర్, చెయ్యి వదలండి." గొంతు పెంచలేదు ఆ పిల్ల. చుట్టూ ఉన్నవాళ్ళకి వినబడితే తనకే నామోషీ అన్నట్టు నెమ్మదిగా అంది. "వదలండి సర్, టీ వేడిగా ఉంది."

"అనవే!"

ఆయన ఇంకాస్త దగ్గరికి లాగారు. ఆ పిల్ల వెనక్కి లాక్కుంది. కప్పు బోల్తా పడి టీ అంతా ఆయన చొక్కా మీద పడింది. నేను చూశాను. వదలమని ఆ పిల్ల చెప్పడం చూశాను, ఆయన లాగడం చూశాను, టీ పడటం చూశాను. మిగతావాళ్ళు వెనక్కి తిరిగేసరికి ఆయన లేచి నిలబడి అరుస్తున్నారు.

"నా మీదే పోస్తావా! కాల్చి చంపేద్దామనుకున్నావా! ఎంత పొగరే నీకు!"

ఇంకో పెద్ద ఎయిర్ హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది, హిందీ ఆవిడ. కూర్చోమని చేతులు అడ్డం పెడితే ఆవిడ భుజం మీద చెయ్యేసి తోసేశారు. ఆవిడ వెళ్ళి సీటు మీద పడింది. వెనక ఎవరిదో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. జనం ఫోన్లు తీశారు. పైలట్ మైకులో ఇంగ్లీషులో ఏదో చెప్పారు. అందులో హైదరాబాద్ అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. ఆయన కూర్చోకపోతే విమానం వెనక్కి తిప్పేస్తారట, వెనకాయన తెలుగులో చెప్పాడు. "కూర్చోబెట్టండమ్మా, మీ మనిషే కదా!" అని నా మీద అరిచాడు. నేను బెల్టు విప్పుకుని ఆయన నడుం చుట్టూ రెండు చేతులూ వేసి కిందికి లాగాను. ఏడుస్తూనే లాగాను. ఎలాగో కూలబడ్డారు.

కూలబడ్డాక మత్తు కొంచెం దిగినట్టుంది. చొక్కా మీద మరక చూసుకున్నారు. ఫోన్లు పట్టుకున్నవాళ్ళని చూశారు. ఆయన మొహంలో లెక్కలు మొదలవడం నాకు కనబడింది. మొక్కలు ఎండిపోయినప్పుడు తప్పు లారీవాడిదో నీళ్ళు పోసినవాడిదో తేల్చేటప్పుడు అదే మొహం పెడతారు.

"సత్యా, నువ్వు చూశావుగా. కావాలని పోసింది."

నేను కిటికీ వైపు తిరిగాను.

"దిగగానే కంప్లయింట్ ఇస్తాను. ప్రొబేషనంట, సాయంత్రానికల్లా ఊడిపోద్ది. నువ్వు పక్కనే ఉన్నావు, నీ సాక్ష్యం చాలు. అర్థమైందా?"

అర్థమవక ఏం? చూసిందాన్ని నేనొక్కదాన్నే. ఆయన చెప్పినట్టు చెబితే ఆ పిల్ల పాలకొల్లు వెళ్ళిపోయి మూసేసిన కొట్టు ముందు కూర్చోవాలి. చూసింది చెబితే ఆయన్ని పోలీసులు తీసుకెళతారు, నేను కడియంలో తలెత్తుకు తిరగలేను. అసలు ఆ ఇంట్లో ఆయన ఎదురుగా రేపు పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని ఎలా నిలబడాలి?

విమానం దిగడం మొదలెట్టింది. సాయిదుర్గ ముందర తన చిన్న సీట్లో మావైపు తిరిగి కూర్చుని బెల్టు వేసుకుంది. ఏడవలేదు. కోటు చెయ్యి మాత్రం మణికట్టు మీదకి లాక్కుంటోంది. వదిలేస్తే పైకి పోతోంది, మళ్ళీ లాక్కుంటోంది. అక్కడ ఎర్రగా కందిపోయింది. నా కళ్ళు దాని మీంచి పక్కకి పోనంటున్నాయి.

కింద గోదారి కనబడింది. కొవ్వూరు అటు, రాజమండ్రి ఇటు, మధ్యలో వంతెనలు. అలవాటుగా దణ్ణం పెట్టుకున్నాను. పక్కన ఆయనా నా మీంచి కిటికీ వైపు వంగి "తల్లీ గోదారమ్మా" అని చేతులు జోడించారు. ఆ చేతులు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

మధురపూడిలో దిగాక అందరినీ పంపించి మమ్మల్ని ఆపేశారు. సెక్యూరిటీవాళ్ళు ఇద్దరు వచ్చి ఒక గదిలోకి తీసుకెళ్ళారు. బల్ల వెనక రాజేంద్ర అని ఆ విమానాల కంపెనీ ఆఫీసరు కూర్చున్నాడు. మాట వింటే మా వైపు మనిషే. ఒకపక్క హిందీ ఆవిడ, సాయిదుర్గ నిలబడ్డారు. బల్లకి ఇవతల మూడు కుర్చీలుంటే నన్ను మధ్యలో కూర్చోబెట్టారు.

మా ఆయన మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఇప్పుడు నోట్లోంచి 'అండి' తప్ప వేరే మాట లేదు.

"పెద్దావిడ్ని తోసిన మాట నిజమేనండి, తప్పయిపోయిందండి. ఒంటిమీద వేడి వేడి టీ పోస్తే ఎవరికైనా కోపం వస్తది కదండి. చూడండి చొక్కా. అంతకుముందు చెయ్యి పట్టుకున్నానంటందండి ఈ అమ్మాయి. పట్టుకోలేదండి. సరదాగా ఓ మాటన్నాను, అంతే. నాకు మరదలండి. పాలకొల్లు బుల్లిరాజు గారు నాకు మేనమామ వరస. మీరూ మనవైపు వారేగా, మీకు చెప్పాలేంటండి? మరదల్తో సరసమాడితే కేసులు పెట్టుకుంటారాండి మనలో?"

రాజేంద్ర పెదవుల మీదకి చిన్న నవ్వొచ్చింది. పెళ్ళిపందిట్లో వచ్చే నవ్వే అది. సాయిదుర్గ వైపు తిరిగి, "ఏమ్మా, నిజంగా చుట్టాలేనా?" అన్నాడు.

"వరస సంగతి నాకు తెలీదు సార్. చెయ్యి వదలమన్నాను, వదల్లేదు" అంది ఆ పిల్ల. "టీ నేను పోయలేదు సార్."

"కావాలనే పోసిందండి. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, పక్కనే ఉంది" అన్నారు మా ఆయన.

అందరూ నా వైపు తిరిగారు. రాజేంద్ర పెన్ను తీశాడు. "చెప్పండమ్మా, మీరేం చూశారు?"

మంచినీళ్ళడిగి తాగాను. ఆయన నన్ను చూస్తున్నారు. ఆ పిల్ల మాత్రం నేల చూస్తోంది. నేనేం చెబుతానో తనకి ముందే తెలిసిపోయినట్టుంది.

"వరస నిజమేనండి" అన్నాను.

మా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆ పిల్ల కోటు చెయ్యి లాక్కోవడం మానేసింది.

"బుల్లిరాజు గారు మా అత్తగారికి తమ్ముడి వరసేనండి. ఆ లెక్కన ఈ అమ్మాయి ఈయనకి మరదలే. మీరూ మా వైపు వారే కదండి, మీకు వరసలు తెలుసు. ఈయనకి మరదలైతే నాకేమవుతుందండి?"

రాజేంద్ర మొహంలో నవ్వు పోయింది. "చెల్లెలవుతుందండి" అన్నాడు.

"నా చెల్లెలి చెయ్యి పట్టుకున్నారండి. వదలమంది, వదల్లేదు. టీ వేడిగా ఉందని కూడా చెప్పింది. ఈయనే లాగారు, అందుకే ఒలికింది. నేను పక్కనే ఉన్నాను, కళ్ళారా చూశాను. రాసుకోండి."

"సత్యా!" అన్నారు మా ఆయన. కేకేమీ కాదు. మా పెళ్ళయిన కొత్తలో పిలిచినట్టు మెత్తగా పిలిచారు. నాకు భయం పోలేదు. ఈ మాట వెనక్కి తీసుకోమని ఇంకోసారి అంత మెత్తగా అడిగితే తీసేసుకుంటానేమోనని కూడా భయమేసింది. అందుకే ఆయన వైపు తిరగకుండా కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాను.

"కూర్చోమ్మా, ఎంతసేపు నిలబడతావు" అన్నాను సాయిదుర్గతో.

ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది.