కెరటాల కోట, నాలుగో భాగం

శుక్రవారం వచ్చిందంటే సూర్యకళ పెందలాడే చేపల గంప ఖాళీ చేసేసేది. హార్బరులో వేలంపాటకి పోయి సరుకు తెచ్చుకోవడం, పాత పోస్టాఫీసు సందుల్లో అమ్ముకోవడం, ఇంటికొచ్చి తలకి పోసుకుని ఉతికిన చీర కట్టుకోవడం, ఆనక గురునాథరావు గారి హాల్లో మ్యాట్నీ. పడవ రేవులో ఉంటే మొగుడు అప్పలరాజు కూడా వెంట వచ్చేవాడు. పేటలో ఆవిడ మాటంటే మాటే. బయటికొచ్చి "బాగుంది" అందంటే ఫస్ట్ షోకి పేటంతా కదిలేది. మూతి తిప్పిందా, ఎంత పెద్ద హీరో బొమ్మయినా వారం తిరక్కుండా పెట్టె సర్దుకోవలసిందే. చేప దగ్గరా అంతే. తాజాదైతే తాజాదంటుంది, పాడైతే పాడంటుంది, బేరం పోయినా సరే అబద్ధమాడదు.

'కెరటాల కోట' సంగతి వేరు. సముద్రం అడుగున ఒక రాజ్యం, దానికో రాణి, ఆవిడ మీద పగబట్టిన మంత్రగాడు. మొదటి భాగం ఆడినప్పుడు తెర కిందనించి ఉప్పునీళ్ళొచ్చి జనం చీలమండలు తడిశాయి. రెండో భాగానికి మోకాళ్ళదాకా వచ్చాయి. మూడోదానికైతే నేల క్లాసు జనం చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, బెంచీల మీద గొంతుక్కూచుని చూశారు. ఎన్ని నీళ్ళొస్తే బొమ్మ అంత బాగున్నట్టు లెక్క. ఆటయ్యాక గేటు దగ్గరుండే గురువులు చీపురుతో ఆ నీళ్ళు రోడ్డు మీదికి ఊడ్చేసేవాడు.

నాలుగో భాగం రెండువేల మూడులో వచ్చింది. గురునాథరావు గారు సీతమ్మధారలో కట్టిస్తున్న ఇంటి పని ఆపేసి మరీ హాలుకి కొత్త సౌండు పెట్టించాడు, నీళ్ళు పోవడానికి కాలవ కూడా తవ్వించాడు. పాపం, అంత నమ్మకం ఆయనకి.

బొమ్మ మొదలైన కాసేపటికే సూర్యకళకి ఒళ్ళు మండింది. రాణిని మార్చేశారు. ఈ కొత్తపిల్లకి ఈతే వచ్చినట్టు లేదు. సైన్యమంతా కంప్యూటరులో చేసిందట, ఒకడికీ ఇంకొకడికీ తేడా తెలీదు. మూడో భాగంలో చచ్చిన మంత్రగాడు మళ్ళీ లేచొచ్చాడు, ఎలా లేచాడో అడిగే దిక్కు లేదు. సముద్రం మాత్రం సిరా కలిపిన నీళ్ళలా ఉంది.

"సచ్చు బొమ్మ మావా," అంది మొగుడితో.

ఇంటర్వెల్ దాకా నేల మీద చుక్క తడి లేదు. ఆ తర్వాత మంత్రగాడు చెయ్యెత్తాడు. తెరమీది సముద్రం వెనక్కి పోవడం మొదలెట్టింది. ఇన్నేళ్ళుగా హాలు గోడల్లో ఊరిన చెమ్మంతా దాని వెనకే తెరవైపు జారిపోయింది. సూర్యకళ నోరెండిపోయింది. తెర ముందు ఆరిన నేల మీద వంజరం చేపలూ చందువలూ గిలగిల కొట్టుకుంటున్నాయి.

నేల క్లాసంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. తువ్వాళ్ళు పరిచి ఏరుకుంటున్నారు. అప్పలరాజూ లేచాడు.

"ఎల్లకు మావా! సంద్రం ఎనక్కెల్లినప్పుడు దిగకూడదని మీ అయ్య నీకు సెప్పనేదేటి? ఎనక్కెల్లింది ఊరికే రాదు."

"ఓసి పిచ్చిమొగమా, ఇది సినిమాయే! బుద్దెరిగిన కాడ్నించి సంద్రం మీదున్నోన్ని, నాకు సెప్తన్నావేటి?"

సినిమాయేనట! ముందు మూడు భాగాలకీ అవి నిజం నీళ్ళనే కదా లుంగీ ఎగ్గట్టుకున్నాడు. నిజం రేవులో ఇలా జరిగితే ఊరంతా కేకేసి పరిగెత్తేవాడే. ఇక్కడ మాత్రం దిగి, పెద్ద వంజరాన్ని చంకలో పెట్టుకొచ్చాడు. శుభం పడింది గానీ, వెళ్ళిన సముద్రం తిరిగి రాలేదు.

బయట ఫస్ట్ షోకి పేటంతా కాచుకునుంది. పక్కింటి తవిటమ్మ మనవడిని చంకనేసుకుని ముందే నిలబడింది.

"వదినా, టాకేటి?" అని, అంతలోనే అప్పలరాజు చంక చూసింది. "ఓలమ్మో! లోన సేపలు పడతన్నాయేటి?"

అంతే, గంపలు తెమ్మని పిల్లల్ని ఇళ్ళకి తరుముతున్నారు. వీళ్ళంతా లోపలుండగా సముద్రం తిరిగొస్తే? సూర్యకళ గభాలున వంజరాన్ని లాక్కుని మొప్ప ఎత్తి చూసింది. మందారంలా ఎర్రగా, తాజాగా ఉంది.

"కుల్లిపోనాది," అంది అందరికీ వినపడేలా. "సేపా కుల్లిపోనాది, బొమ్మా కుల్లిపోనాది. పోండి ఇళ్ళకి!"

చేపని తీసి కాలవలో పడేసింది. పుట్టాక ఆడిన మొదటి అబద్ధం అదే. అందరూ నమ్మారు. ఆ చేపని మోసుకొచ్చినవాడొక్కడే నమ్మలేదు. నలుగురిలో పరువు తీసిందని మొహం గంటు పెట్టుకుని ఇంటికి నడిచాడు.

ఫస్ట్ షో సగం దాటేవేళకి పొయ్యి దగ్గర్నించి లేచి చూస్తే ఇంట్లో గంప లేదు, మొగుడూ లేడు. సూర్యకళ జుట్టు ముడేసుకోకుండానే హాలుకి పరిగెత్తింది.

"అన్నొక్కడే ఎల్లినాడు వదినా," అన్నాడు గురువులు. "గంప ఒట్టుకెల్లినాడు."

తలుపు కిందనించి నీళ్ళు కారుతున్నాయి. గడియ తియ్యగానే సముద్రం విరుచుకుపడి, కాలవ దాటి, రోడ్డంతా ముంచేసింది. సూర్యకళ గోడ పట్టుకుని లోపలికి పోయింది. హాల్లో మనిషి లేడు. తెర మీద బొమ్మ ఆడుతూనే ఉంది. కోట గుమ్మంలో, ఆ ఒక్కలాంటి సైనికుల మధ్య, లుంగీ కట్టుకున్న మనిషొకడు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే వెతుకుతున్నాడు.

"మావా!" అని అరిచింది. కొత్త సౌండు హోరులో ఆ పిలుపు అందినట్టు లేదు.

గురునాథరావు గారు వెనక నిలబడి నిట్టూర్చాడు. "జనం లేరు, లాభం లేదమ్మా. రేప్పొద్దున్న రీళ్ళ పెట్టె వెనక్కి పంపేస్తాను."

"పంపేస్తే మల్లీ ఆడదా బాబూ?"

"తీసేసిన బొమ్మ మళ్ళీ ఎవడాడిస్తాడు?"

సూర్యకళ బయటికొచ్చింది. రోడ్డు మీద నీళ్ళు చూసి పేట మళ్ళీ పోగయ్యింది. ఏ భాగానికీ ఇన్ని నీళ్ళు రాలేదు మరి.

"ఏటొదినా, కుల్లిపోనాదన్నావు? ఇన్ని నీల్లొచ్చినాయంటే బాగున్నట్టే కదా?" తవిటమ్మ అడిగింది. చంకలో మనవడు నీళ్ళకేసి చేతులు చాచి నవ్వుతున్నాడు.

సూర్యకళ వాడి మొహం చూడలేక తల తిప్పుకుంది. తెరిచిన తలుపులోంచి తెర కనబడుతోంది, అందులో అప్పలరాజు ఇంకా ఇటే వెతుకుతున్నాడు.

"బాగుంది," అంది. "సెకండ్ షోకి ఎల్లండి. పిల్లల్నీ ఒట్టుకెల్లండి. ముందు బెంచీల్లో కూకోండి."