ఇనుముకు మైల అంటదు

ఆ దినం మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు రాసి పెడతాను, తర్వాత ఎవరూ నేను లేను, నేను వినలేదు అనకుండా. పడసాలలో మంచం మీద మా నాయన శేషన్న. ఆయన పక్కన పీట మీద మా బడి అయ్యవారు, ఒళ్లో బొరుగుల ఉగ్గాని తట్ట. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కర్నూలు నుంచి వచ్చిన జిలాని బాషా సాయెబు. నిలబడి ఉన్నది మా అన్న కంబన్న. వంటింటి గడప దగ్గర మా అమ్మ ఈరక్క, ఆమె వెనక మా వదిన నాగక్క. పెరట్లో పశువుల కొట్టంలో నేను. నెలకు మూడు దినాలు మా ఇంటి ఆడవాళ్లు ఎవరినీ ముట్టకుండా కూర్చునే మూల అది. ఆ దినం నాకు అలాంటిదేమీ లేదు. అయినా నన్ను అక్కడ కూర్చోబెట్టారు. ఎందుకో చెప్పాలంటే పిస్తోలు దగ్గర మొదలుపెట్టాలి.

నాయన మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. అన్నను పోలీసులో చేర్చాలని ఆయన కోరిక. కర్నూలు రాజధాని అయిన తర్వాత ఆ కోరిక ఇంకా ముదిరింది. గురి ఉన్నవాళ్లను ముందు తీసుకుంటారని ఎవరో చెప్పారు. బళ్లారిలో తనతో పాటు మిలిటరీలో పనిచేసిన ఒకాయన అంగడి పెట్టుకొని ఉంటే, అక్కడి నుంచి రెండు గాలి పిస్తోళ్లు తెచ్చాడు. వారం దినాలు కాల్చి చూసి, ఒకటి ఉంచుకొని ఒకటి తిరిగి ఇయ్యాలి. గాలి పిస్తోలులో మందు ఉండదు. గొట్టాన్ని కిందికి విరిచి, సెనగ గింజలో సగమంత సీసం గుండు పెట్టి, మళ్లీ మూసి నొక్కితే లోపల స్ప్రింగు గాలిని తోసి గుండును పంపుతుంది. ఒకటి తళతళ మెరిసేది, ఇంకొకటి నల్లది, పిడి అరిగినది. అన్నకు మెరిసేదాని మీదే కన్ను.

ఇంటి పక్క గోడకు చెక్క పలక ఆనించి, దాని మీద కాగితం అతికించి, పది గజాల దూరం నుంచి అన్న కాల్చేవాడు. కాల్చిన ప్రతిసారీ పోయి ఎక్కడ తగిలిందో చూసి చెప్పడం నా పని. కాగితాల మీద సున్నాలు గీయడం, గోడలో దిగిన సీసం గీకి తీయడం, ఆ గుంతలకు ఎర్రమన్ను మెత్తడం కూడా నా పనే. వాటిని ఎవరూ పని అని అనలేదు కాబట్టి ఇంటి పనిలో ఏదీ తగ్గలేదు. మూడో దినానికి నాకు ఒక సంగతి తెలిసింది. మెరిసేది ఒకసారి నడుమకు కొట్టి, ఇంకోసారి జానెడు దూరం పోతుంది. నల్లది ఎప్పుడూ నడుమకు తగలదు. ఎడమకు, కిందికి పోతుంది. కానీ అన్న చెయ్యి కుదురుగా ఉన్నప్పుడల్లా అదే ఎడమకు, అదే కిందికి, రూపాయి బిళ్లంత జాగాలోకి. నల్లదే తీసుకోమని మెల్లగా నాయనతో అన్నాను.

"తగలనిదాన్ని తీసుకోమంటాంది చూడు నాయనా, మన పాప" అని అన్న నవ్వాడు.

"తప్పు పోయినా అన్నీ ఒక చోటికే పోతాండాయి. గొట్టం కొనన గురి చూసేదానికి ఉండే మొన కొంచెం జరిపితే సరిపోతాది" అన్నాను.

నాయన పోయి కాగితం మీది చిల్లులను వేలితో తడిమి చూశాడు. తర్వాత చిన్న సుత్తి తెచ్చి ఆ మొనను తడుతూ జరిపాడు. సాయంత్రం వీధి అరుగు మీద నలుగురితో, మెరుపు చూసి మోసపోకుండా నల్లదాన్ని తాను ఎట్లా ఏరాడో చెబుతుంటే లోపల రొట్టె తడుతూ విన్నాను. ఒక్క మాట కూడా తేడా లేదు, నా మాటలే.

ఎండలు ముదిరేసరికి పిస్తోలు బలం తగ్గింది. గాలి పక్కకు పోకుండా ఆపే లోపలి తోలు బిళ్ల ఎండిపోయి ఉంటుందని నాయన అంటుండగానే అన్న గొట్టంలో ఆముదం పోశాడు. నొక్కితే టపాకాయలాగా పేలి పొగ వచ్చింది, గుండు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. అన్న దాన్ని మంచం మీద పడేసి చేనికి పోయాడు. చెప్పులు కుట్టే మారెన్న దగ్గరికి పోయి బర్రెతోలుతో కొత్త బిళ్ల కోయించుకొని వచ్చింది నేను. నాయన దాన్ని బిగించాడు. సరిగా ఉందో లేదో కాల్చి చూడాలి. ఆయన కుడికంటికి పొర కమ్మింది. చుట్టూ చూశాడు, నేను తప్ప ఎవరూ లేరు.

"పట్టుకో" అన్నాడు. "కాగితం మీది సున్నాను చూడొద్దు, మొనను చూడు. ఊపిరి సగం వదిలి నిలుపు. నొక్కినట్టు నీకే తెలీగూడదు."

ఆ తర్వాత రెండు నెలలు, మధ్యాహ్నం అన్న చేనిలో ఉన్నప్పుడు, నాయన నాకు నేర్పాడు. దాని గురించి ఎట్లా రాయాలో నాకు తెలియదు. మా ఇంట్లో నేను చేసే ప్రతి పనీ ఇంకెవరి కడుపులోకో, ఒంటి మీదికో పోయి మాయమైపోతుంది. రొట్టె తింటారు, గుడ్డ మళ్లీ మాపుతారు, అలికిన నేల సాయంత్రానికి దుమ్ము. ఇది అట్లా కాదు. నేను నొక్కితే పది గజాల అవతల ఒక చిల్లి పడుతుంది, అది అక్కడే ఉంటుంది. ఎవరూ దాన్ని తినలేరు. గొట్టం విరిచేదానికి బలం కావాలి, పదేళ్లుగా రోకలి పట్టిన చేతికి అదొక లెక్క కాదు. అన్న చప్పుడు రాకముందే కన్ను మూస్తాడు. నేను మూయను. పొయ్యిలో నిప్పురవ్వలు ఎగిరేటప్పుడు కన్ను తెరిచే ఉంచడం నాకు అలవాటు. "అత్తింటికి పోతే నట్టింట్లో తుపాకి పట్టుకొని నిలబడతావేమో, మీ ఆయన పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా అనడు" అని వదిన ఎగతాళి చేసేది. నేను నవ్వేదాన్ని. నాయన కూడా నవ్వేవాడు. అప్పుడు మేమిద్దరం ఒక వైపు ఉన్నామని నేను అనుకున్నాను.

అంతలో పోస్టు పందెం సంగతి వచ్చింది. కర్నూలులో కొత్తగా పెట్టిన గురి క్లబ్బు వాళ్లు సున్నాలు గీసిన పది అట్టలు పంపుతారు. ఎవరి ఇంట్లో వాళ్లు కాల్చి, చూసినవాళ్ల చేత సంతకం చేయించి తిరిగి పోస్టులో పంపాలి. క్లబ్బు పెద్ద జిలాని బాషా, పోలీసులో పనిచేసి దిగినవాడు. ఆయన ఒక మాట చెబితే పోలీసు వాళ్లు వింటారు. అన్న పేరుతో అట్టలు వచ్చాయి. పాత కాగితాల మీద అన్న కాల్చి చూపించాడు, గుండ్లు చెల్లాచెదురుగా పడ్డాయి. అట్టలు పంపాల్సిన గడువు దగ్గరికి వచ్చింది. ఆ దినానికి నేను కొట్టంలో ఉన్నాను, రెండో దినం, నిజంగానే. నాయన చేటలో పిస్తోలు, అట్టలు పెట్టుకొని వచ్చి నా ముందు దించాడు.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. "పాప ముట్టుకుంటే మళ్లీ ఆ పిస్తోలు ఇంట్లోకి రావాల కదా" అంది.

"ఇనుముకు మైల అంటదు" అన్నాడు నాయన.

"మరి అట్టలు?"

"కర్నూలుకు పొయ్యేసరికి మూడు దినాలైతాది. అంతలోకి మైల అదే పోతాది."

నేను కొట్టం ముందు నిలబడి పది అట్టలూ కాల్చాను. ముందు పడసాలలో మా అయ్యవారు అన్నను పక్కనే కూర్చోబెట్టుకొని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటూ ఉన్నారు, పెరట్లోకి తొంగి కూడా చూడలేదు. అన్న చేతిరాత కోడి గీకినట్టు ఉంటుందని, అట్టల మీద పేరు కూడా నాతోనే రాయించారు. కంబన్న, కంబన్న, కంబన్న అని పదిసార్లు రాశాను. ఏడో అట్ట దగ్గర నా చెయ్యి ఆగితే అన్న చూశాడు. "ఎవురి పేరుతో పోతే ఏముండాది పాపా, ఇంటిపేరు ఒకటే కదా. నీది పెండ్లయితే మారిపోతాది" అన్నాడు. వెటకారం లేదు, మంచిగానే అన్నాడు. మిగిలిన అట్టల మీదా అదే పేరు రాశాను. అయ్యవారు తుడుచుకున్న చేత్తో పది సంతకాలు చేశారు. అట్టలతో పాటు పంపే ఉత్తరం నాయన చెబుతుంటే నేనే రాశాను. నాయనకు ఏమనిపించిందో, చివర ఒక మాట చెప్పాడు: పిస్తోలు తుడిచి గుండ్లు ఏరి పెట్టేది మా పాప.

జాబు వచ్చింది. జిల్లాలో ఈ అట్టలంత కుదురైనవి ఇంకెవరూ పంపలేదని, తాను మంత్రాలయం పోయే బస్సులో వచ్చి మా ఊళ్లో దిగుతానని, కంబన్నను కళ్లారా చూసి పెద్దవాళ్లకు చెబుతానని. వంకర గుండు ఒకటి పడితే మంచి చెయ్యి కూడా తప్పుతుంది కాబట్టి గుండ్లు ఏరే పాపను కూడా చూస్తానని. చివరి మాట నాయన రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ దినమే నేను అమ్మతో, ఆయన అడిగితే నిజం చెబుతానని అన్నాను. అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పిండి జల్లిస్తూ ఆలోచించింది. సాయెబు వచ్చే ఉదయం చాప, సత్తు చెంబు నా చేతికిచ్చి కొట్టంలో కూర్చోమంది. నేను మైల తీరి నీళ్లు పోసుకొని పన్నెండు దినాలైందని ఆమెకు తెలుసు, ఆ నీళ్లు కాచింది ఆమే. "దూరంగా ఉండాది అని చెబితే మగవాళ్లు మళ్లీ అడగరు" అంది. నిజమే. ఎంత పెద్ద పోలీసైనా అంతకు మించి అడగలేడు. మా అమ్మ తెలివికి నాకు ఆ క్షణంలో ఆశ్చర్యం వేసింది. ఈ తెలివిని ఆమె తన కోసం ఎప్పుడైనా వాడుకుందా అనిపించింది.

పడసాల పొడుగైనది. ఆ కొనన పలక పెట్టారు. పెరటి తలుపు సగం తెరిచి ఉంది. నాకు కనబడదు, వినబడుతుంది. గుండు పలకకు తగిలితే టక్కుమంటుంది, మట్టిగోడకు తగిలితే దబ్బుమంటుంది. అన్న ఐదు కాల్చాడు. దబ్బు, టక్కు, దబ్బు, దబ్బు. ఐదోది దేనికీ తగిలినట్టు లేదు. తర్వాత నాయన గొంతు: బావిలో నీళ్లు చేదుతుంటే పిల్లోని మణికట్టు బెణికింది సాబ్. మా అన్న పుట్టినప్పటి నుంచి బావిలో కడవ వేసినవాడు కాడు. కొట్టంలో ఒక్కదాన్నే కూర్చొని నవ్వాను, నోటికి పైట అడ్డం పెట్టుకొని.

సాయెబు గొంతు గట్టిగా లేదు. "బెణికిన చెయ్యి వణుకుతాది కంబన్నా. నీ చెయ్యి వణకలే, నీ కన్ను మూసుకుంటాంది. ఈ అట్టలు కాల్చినోళ్లు కన్ను మూసే రకం కాదు. ఎవురప్పా వాళ్లు? ఎవురైనా సరే, పేరు చెప్పండి. రాసుకొని పోతా."

ఎవరైనా సరే అన్నాడు. లోపల ఆ పేరు తెలిసినవాళ్లు ఐదుగురు ఉన్నారు. నేను ఎదురుచూశాను. నాయన చెబుతాడని ఎదురుచూశాను, అబద్ధం ఎందుకు రాయాలి. చేట తెచ్చి నా ముందు దించినవాడు ఆయనే కదా. అయ్యవారు తట్టలో బొరుగులు కలుపుతున్న చప్పుడు మాత్రమే వినబడింది. నేను చెబుదామంటే ముందు మైల మాట ఎత్తాలి. ఆ మాట నేను వదినతో కూడా నోరు తెరిచి అనలేదు, వేలితో కొట్టం వైపు చూపిస్తాను, అంతే. తెలియని మగవాని ముందు, నాయన ముందు, అన్న ముందు, నాకు చదువు చెప్పిన అయ్యవారి ముందు ఆ మాట అంటే తప్ప నా చెయ్యి నాది కాదు. మా అమ్మ అది లెక్కపెట్టే ఆ మాటను నాకు అడ్డం వేసింది. చాప మీద నుంచి లేచాను. పెరటి గడప దగ్గరికి పోయి నిలబడ్డాను.

సాయెబు చూశాడు. నాయన చటుక్కున, "ఆ పాప దూరంగా ఉండాది సాబ్, లోపలికి రాగూడదు" అన్నాడు.

"నాకు మైల లేదు" అన్నాను. "ఉన్న దినం ఆ అట్టలు కాల్పించినారు. ఈ దినం లేకున్నా కొట్టంలో కూర్చోబెట్టినారు. పది అట్టలూ నేనే కాల్చినా."

సాయెబు చూపు నేల మీదికి పోయింది. మర్యాద తెలిసినవాడు, అట్లాంటి మాట వినబడితే ఏ మగవాడైనా అదే చేస్తాడు. అన్న మొహం నల్లబడింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

నాయన నా వైపు చూడలేదు. "పిల్లకు మతి నిలకడ లేదు సాబ్" అన్నాడు. "ఈ ఎండలకు మరీ ఎక్కువైంది."

ఆ మాట బయటికి పోతే నా బతుకు ఏమవుతుందో ఆయనకు తెలియకపోదు. సాయెబు అయ్యవారి వైపు తిరిగి, ఆ సంతకాలు చూసి చేసినవేనా అని అడిగాడు. అయ్యవారు తట్టలోకి చూస్తూ, అవును, కంబన్న కాల్చిందే అన్నారు. బడిలో అబద్ధమాడితే వేళ్ల మీద కొట్టేవారు ఆయన.

సాయెబు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పెన్సిలు ములుకు నాలుకకు తడిపాడు. నాయనను చూడలేదు, అయ్యవారిని చూడలేదు. తల ఎత్తి నేరుగా నన్ను చూశాడు.

"నీ పేరేమి బేటీ?"

నేను నోరు తెరిచాను. అమ్మ వంటింటి గడప దిగి వచ్చి, నా మొహం చూడకుండా, పెరటి తలుపు మూసి లోపల గడియ పెట్టింది.