మాస్టారి పాదాలు

నేను ఫోన్ చేసిన మూడు డ్రైవింగ్ స్కూళ్ళలోనూ మొదటి ప్రశ్న ఒకటే. "సార్ ఉన్నారా అమ్మా?" నేర్చుకునేది నేనేనండీ అంటే, "సరేనమ్మా, ఒకసారి సార్‌తో మాట్లాడించండి" అన్నారు. ఒక చేత్తో కుక్కర్ మూత బిగిస్తూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టుకుని నేనెంత మొత్తుకున్నా, ఫీజెంతో చెప్పడానికి వాళ్ళకొక మగగొంతు కావాల్సి వచ్చింది. చివరికి మా ఆయనే, "నీకెందుకు ఆ తలనొప్పి, నేను చూసుకుంటాలే" అని ఒక పెద్దాయన్ని కుదిర్చాడు. నెమ్మదస్తుడట, అరవడట. ఫీజు కూడా తనే కట్టాడు, నా జీతం పడే ఖాతాలోంచి. నేను పొంగిపోయాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

"ఇంటికొక డ్రైవరు చాలడా?" అన్నారు మా అత్తగారు. చాలడని మొన్న వేసవిలోనే తేలింది. మా ఎనిమిదేళ్ళ పాపకి ఉబ్బసం. ఒక సెలవురోజు మధ్యాహ్నం పీల్చే మందు ఎన్నిసార్లు కొట్టినా దానికి ఊపిరందలేదు, పెదవులు నీలంగా అయిపోయాయి. మా ఆయన ఆఫీసు వ్యానులో వెళ్తాడు కాబట్టి కారు గుమ్మం ముందే ఉంది. ఫోన్ చేస్తే, "మీటింగ్‌లో ఉన్నా, అరగంటలో వస్తా, కంగారుపడకు" అన్నాడు. పిల్లని భుజాన వేసుకుని పెద్ద రోడ్డు దాకా పరిగెత్తి, చేతులడ్డం పెట్టి ఎవరిదో బండి ఆపాను. కాస్త ముందు తేవాల్సిందమ్మా అన్నాడు డాక్టరు. పాప బతికింది. "మరింకేం, బానే ఉందిగా" అన్నాడు మా ఆయన సాయంత్రం, టీ అడుగుతూ.

అందుకే నేర్చుకోవాలనుకున్నాను. వంట ముగించి, ల్యాబ్‌లో రక్తం తీసే డ్యూటీకి పరిగెత్తే ముందు, రోజూ పొద్దున గంటసేపు, మాస్టారి కారులో. పద్దెనిమిది రోజులు. మలుపులు, ఎత్తులు, బడి దగ్గర రద్దీ, అన్నీ దాటాను. పుట్టి బుద్ధెరిగాక నా మాట విన్న మొదటి వస్తువు ఆ కారేననుకున్నాను. "బాగా పట్టుబడిందమ్మా" అనేవారు మాస్టారు.

పంతొమ్మిదో రోజు సిగ్నల్ దగ్గర నా కళ్ళద్దాలు జారి కింద పడ్డాయి. వంగాను. మాస్టారి వైపు కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయని నాకు తెలుసు, ప్రమాదమొస్తే తొక్కడానికని. లైటు మారింది. నా కాలింకా క్లచ్ మీద లేనేలేదు. కారు మెత్తగా కదిలింది. మాస్టారి ఎడమ పాదం తన క్లచ్ మీంచి నెమ్మదిగా లేస్తోంది.

సిగ్నల్ దాటాక పక్కకి ఆపించాను. "మాస్టారూ, కాళ్ళు తీసి సీటు మీద ముడుచుకోండి."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ముడుచుకున్నారు. తాళం తిప్పాను. క్లచ్ వదలగానే కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ ఆగింది. ఐదోసారీ అంతే.

"సార్ చెప్పారమ్మా" అన్నారాయన కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఊరికే తిప్పండి, నేర్పొద్దు, వచ్చిందంటే పిల్లనెక్కించుకుని రోడ్డు మీద పడుతుంది, నాలుగు రోజులు తిరిగితే ముచ్చట తీరిపోతుంది అన్నారు. తప్పేనమ్మా."

మోసపోయానని కాదు నా బాధ. ఈ పద్దెనిమిది రోజుల్లో ఏ మధ్యాహ్నమైనా పాపకి ఊపిరాడకపోయి ఉంటే నేనెవరికీ ఫోన్ చేసేదాన్ని కాదు. రోడ్డు మీదికి పరిగెత్తేదాన్నీ కాదు. నాకు వచ్చుననుకుని దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, తాళం తిప్పుతూ కూర్చునేదాన్ని. మా ఆయన చెడ్డవాడు కాదు, పాపంటే ప్రాణం. ఈ ఊహ ఆయనకి తట్టలేదంతే. తట్టకపోవడాన్నే నేను క్షమించలేను.

ఇంకొకరిని వెతుక్కోవచ్చు. వాళ్ళూ ముందు సార్‌తోనే మాట్లాడతారు. మాస్టారు కనీసం నిజం చెప్పారు.

"రేపటి నుంచి ఫీజు నా చేత్తో ఇస్తాను. మొదటి పాఠం నుంచి చెప్పండి. ప్రమాదమొస్తే తప్ప మీ కాలు కదలకూడదు."

మాస్టారు చెమట తుడుచుకున్నారు. "సార్ అడిగితే ఏం చెప్పమంటారమ్మా?"

"ఊరికే తిప్పుతున్నానని చెప్పండి."