ఇసుక పళ్లెం చెప్పిన చదువు సంగతి

నేను ఒక ఇసుక పళ్లేన్ని. పళ్లెమంటే అన్నం తినేది కాదు లెండి. మామిడి చెక్కతో, నాలుగు వేళ్ల ఎత్తు అంచుతో, చిలకలూరిపేట వడ్రంగి ఒకాయన నన్ను చేశాడు. దీంట్లో పిల్లలు వేళ్లు పెడతారంట, ఒక్క పేడు కూడా ఉండకూడదంటూ రోజంతా నునుపు పట్టాడు. పిల్లల వేళ్ల గురించి ఆలోచించిన మొదటి మనిషి ఆయనే. రెండో మనిషి దొరకడానికి చాలా కాలం పట్టింది.

నన్ను కొన్నవారు పానకాలరావు గారు, ఆ ఊళ్లో ఒక ప్రైవేటు బడికి కరస్పాండెంటు. అక్షరాలు ఒకపట్టాన లొంగని పిల్లలుంటారని, దాన్ని డిస్లెక్సియా అంటారని, వాళ్ల తెలివికేం లోటు లేదని, నేర్పే పద్ధతి మారిస్తే చదువుతారని ఆయన ఏదో సభలో విన్నారు. విన్నది సగం, ఎక్కింది పావు. పక్క బడిలో లేనిది మన బడిలో ఉండాలన్న సంగతి మాత్రం పూర్తిగా ఎక్కింది. ఒక గది ఖాళీ చేయించి, రిబ్బను కత్తిరించి, నాకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటో దిగి, ఆ సాయంత్రమే గదికి తాళం వేయించారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందట! బావి తవ్వించి చేద దాచుకునే రకం.

ఆ తాళం తీయించింది నజీమా టీచర్. ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన మనిషి. ఒక ట్రస్టు వాళ్లు ఏడాదికని పంపారు. వచ్చిన రోజు నుంచీ ఏ టీచరు సెలవు పెడితే ఆ క్లాసుకు ఈవిడను తోలేవారు. చివరికి ఒకనాడు ఆఫీసులో కూర్చుని, తాళంచెవి ఇస్తేగానీ లేవనంది. చచ్చినట్టు ఇచ్చారు.

అప్పుడు వచ్చింది కుసుమ. ఐదో తరగతి. లెక్క చెబితే నోటితో టకటకా చేస్తుంది, విన్న కథ పొల్లుపోకుండా తిరిగి చెబుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. మొద్దని ఒకరు, బద్ధకమని ఒకరు, పొగరని ఒకరు తీర్పు చెప్పారు. వాళ్ల అమ్మమ్మ అయితే అక్షరాభ్యాసం ముహూర్తంలోనే దోషముందని తేల్చి, అంత పిల్లనూ మళ్లీ పీట మీద కూర్చోబెట్టి బియ్యంలో దిద్దించింది. ఈ ఏడు చదవడం రాకపోతే టీసీ తీసుకుపొమ్మని ప్రిన్సిపాల్ వకుళాదేవి గారు ఆ పిల్ల తల్లికి ముఖం మీదే చెప్పేశారు. జాకెట్లు కుట్టుకునే ఆ తల్లి ఆ రాత్రి అన్నం తినలేదట.

నజీమా టీచర్ నాలో ఇసుక పోసి, అక్షరాన్ని పైకి పలికిస్తూ వేలితో దిద్దించేది. నోరు, చెవి, కన్ను, వేలు అన్నీ ఒకే పనిలో ఉండాలి. తప్పు పోతే అరచేత్తో చెరిపేయడమే, ఎర్ర సిరా గొడవ లేదు. దీపావళి దాటేసరికి కుసుమ చిన్న వాక్యాలు కూడబలుక్కుంటూ చదివేది. మొదటి వాక్యం పూర్తయిన రోజు ఆ పిల్ల నవ్విన నవ్వుకు నా కడుపు నిండిపోయింది.

అంతలో ట్రస్టు నుంచి శకుంతల గారు చూడటానికి వస్తున్నారని కబురు. ఆవిడ సరేనంటేనే టీచరు ఇంకో ఏడు ఉంటుంది. టీచరు పోతే కుసుమకు టీసీ ఖాయం.

పానకాలరావు గారికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. తడబడే పిల్లల్ని చూపిస్తే బడి పరువేం కాను? కుసుమనూ తోటివాళ్లనూ మైదానంలోకి పంపి, నజీమా టీచర్ను ఎనిమిదో తరగతికి తోలి, ఫస్టు ర్యాంకుల పిల్లల్ని నా చుట్టూ కూర్చోబెట్టారు. వాళ్లు గలగలా చదివేశారు. శకుంతల గారు విని, వీళ్లు శుభ్రంగా చదువుతున్నారే, ఇక మీకు ప్రత్యేకంగా టీచరెందుకు, అవసరమున్న బడికి పంపుతాం అన్నారు. కరస్పాండెంటూ ప్రిన్సిపాలూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే టీచరు పోతుంది. పరువే ఉంచుకుందామనుకున్నట్టున్నారు.

కిటికీ బయట నక్కిన కుసుమ గబగబా లోపలికి వచ్చేసింది.

"చదవలేంది నేనండి. టీచర్ని పంపించొద్దండి. ఇప్పుడు చదువుతాను, కొంచెం టైం పడుద్ది."

పట్టింది. ర్యాంకుల పిల్లల ముందున్న పుస్తకమే తీసుకుని చదువుతూ, ఒక మాట దగ్గర ఆగిపోయి, నా ఇసుకలో వేలు పెట్టి, దిద్ది, పలికి, ముందుకు సాగింది. పానకాలరావు గారు గడియారం చూసుకున్నారు. నేను ఊపిరి బిగబట్టాను. చెక్కకు ఊపిరెక్కడిదని అడక్కండి, ఆ పూట నాకుంది. పేజీ అయ్యాక శకుంతల గారు ఈ పిల్లను ఎందుకు దాచారని అడిగారు. టీచరు ఉండిపోయింది, టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా తన ముందుచూపేనని పానకాలరావు గారు ఊరంతా చెప్పుకున్నారు. నన్ను గాజు బీరువాలో పెట్టి వరండాలో నిలబెట్టారు. 'ముట్టుకోరాదు' అని చీటీ కూడా అంటించారు. నజీమా టీచర్ అడిగి అడిగి విసిగిపోయి, పిల్లల్ని వరండా ఎదురుగా ఉన్న లాంగ్ జంప్ ఇసుక గుంటలోకి దించింది. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని బారెడేసి అక్షరాలు రాస్తున్నారు. నాకు కుళ్లుగానే ఉంది, అబద్ధమెందుకు?

నిన్న పానకాలరావు గారు ఫోనులో మాట్లాడుకుంటూ, చెప్పులతో సరాసరి ఆ ఇసుకలోంచి నడిచి వచ్చారు. కుసుమ లేచి నిలబడింది. ఆ గొంతులో వెటకారం లేదు, నిజంగా జాలే.

"సార్, 'తొక్కకండి' అని పెద్దగానే రాశానండి. మీక్కూడా చదవడం కష్టమా? మా టీచర్ నేర్పుతారండి, తిట్టరు."